మొదటి వరుసలో కంఠస్థం

‘లాంతరు వీధి’ సంగీత నాటకం మొదలై మూడో ఏడు నడుస్తోంది. ఆ మూడేళ్ళుగా థియేటరు పక్కసందులోని రాతిమెట్లకు కూడా తీరిక లేదు. ఆట ఉన్న ప్రతిరోజూ అక్కడ కొందరు చేరతారు. వాళ్ళు నటులు కారు, వాద్యగాళ్ళు కారు, టిక్కెట్లు చించేవాళ్ళు కూడా కారు. ఉత్త ప్రేక్షకులు. చూసిందే మళ్ళీ చూసి, మొదటిసారి చూసినంత ఆవేశంతో పోట్లాడుకునేవాళ్ళు. తమను తాము రసికులనుకుంటారు. వాళ్ళ ఇళ్ళలో ఏమనుకుంటారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మెట్ల మీద అన్నిటికన్నా పాత తగవు సీట్లది. లారీ ఆఫీసులో గుమాస్తాగా చేసే పెద్దాయన ఎప్పుడూ ఎడమవైపు స్తంభం వెనక సీటే కొంటాడు. హాలు మొత్తానికి అదే చవక సీటని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. “స్తంభం అడ్డొచ్చిన చోట మనసు పెట్టి చూస్తామండీ. అడ్డం లేనివాళ్ళు ఉత్త కళ్ళతో చూస్తారు” అంటాడు. చివరికి ఆయన పేరే స్తంభం అయింది. మందుల షాపావిడది బాల్కనీ పక్షం. పైనుంచి చూస్తేనే నాట్యంలో ఎవరు తప్పటడుగు వేశారో తెలుస్తుందని ఆవిడ వాదన. తప్పటడుగు దొరకని రోజు ఆవిడకు ఆట చూసిన తృప్తే ఉండదు. ఆ రోజు ఎవరు ఏ వేషం కడుతున్నారో ద్వారం పక్కన చెక్కబోర్డుకు పేర్లు తగిలిస్తారు. ఆ బోర్డుకన్నా ముందే మార్పులు చెప్పడం ఆవిడ ప్రత్యేకత. “ఎవరో చెప్పను, వృత్తిధర్మం. కానీ పొద్దున్నే దగ్గుమందు కొన్నారు” అంటుంది. అంతటితో వృత్తిధర్మం నిలబడిందని ఆవిడ నమ్మకం.

ఈ ఇద్దరినీ తలదన్నే మనిషి కంఠస్థం. పళ్ళ డాక్టరు దగ్గర ముందుబల్ల ఉద్యోగం ఆమెది. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని వరసలో కూర్చోబెట్టాలి. దవడ వాచినవాళ్ళు మాట్లాడలేరు కనుక వాళ్ళ మాటలు కూడా తనే మాట్లాడేది. “ఎడమవైపు, కింది పన్ను. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోంది. రాత్రంతా నిద్ర లేదు. అవునా?” అనేది. వాళ్ళు తలూపేవారు. కాదనాలంటే నోరు తెరవాలి కదా.

నాటకం మొత్తం ఆమెకు నోటికి వచ్చు, మెట్ల మీద ఆ పేరు పెట్టింది అందుకే. పాటలూ మాటలూ సరే, వాన చప్పుడు ఎప్పుడు మొదలవుతుందో, రెండో అంకంలో ఎవరి బూటు కిర్రుమంటుందో కూడా వచ్చు. బతుకుకు పనికొచ్చే సంగతులు నాలుగు చెప్పమంటే మాత్రం తడుముకోవాలి. ఇది గిట్టనివాళ్ళు అన్న మాట కాదు, ఆమె తన గురించి తను అనుకునే మాటే.

ఇంత పిచ్చికీ ఒక కారణం ఉంది. ఆమె చెల్లెలు ఆ నాటకంలోనే ఉంది. ఉండీ లేనట్టు ఉంది. లాంతర్లు బాగుచేసే ఆవిడది ప్రధాన వేషం. ఆ వేషం కట్టే నటికి ఒంట్లో బాగాలేని రోజున ఎక్కడానికి ఇంకొకరిని సిద్ధంగా ఉంచుతారు. అలాంటివాళ్ళను మెట్ల మీద స్టెప్నీ అంటారు. చెల్లెలు ఆ వేషానికి స్టెప్నీ. కానీ అసలు నటి గొంతు ఇనుపగొట్టం. వానలో తడిసినా, ఐసు నమిలినా ఆవిడకు తుమ్ము కూడా వచ్చేది కాదు. ఆవిడకు జలుబు చేయాలని తాను ఏనాడూ కోరుకోలేదని కంఠస్థం చెప్పుకునేది. ఎవరూ అడక్కుండానే చెప్పుకునేది.

రెండేళ్ళుగా చెల్లెలు వేషం కట్టింది వంటింట్లోనే. అక్క కూరలు తరుగుతుంటే చెల్లెలు పొయ్యి పక్కన నిలబడి మొదటి అంకం నుంచి చివరిదాకా అప్పజెప్పేది. ఎక్కడైనా ఆగితే, కత్తి ఆగకుండానే అక్క మాట అందించేది. అందించడం ఆమెకు ఈనాటి అలవాటు కాదు. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది తనే. చిన్నప్పుడు చెల్లెలు ప్రతి మాటకు ముందూ కాసేపు ఆగేది. నత్తి కాదు, ఆగేది, అంతే. కొట్లో ఏం కావాలని అడిగితే ఆగేది, బడిలో పేరు అడిగితే ఆగేది. ఆ ఖాళీలో అక్క దూరి జవాబు చెప్పేసేది. చెల్లెలికి మాట అందకపోతుందేమోనని ఆమెకు అప్పట్లో గుండె దడగా ఉండేది. ఆ దడ ఇంకా పోలేదు.

రెండో అంకంలో ఒక ఘట్టం ఉంది. పోట్లాడి వెళ్ళిపోయిన భర్త ఏళ్ళ తర్వాత వానలో తిరిగొచ్చి తలుపు కొడతాడు. లాంతర్లావిడ లోపల నిలబడి, “తలుపు గడియ పెట్టలేదు. ఏనాడూ పెట్టలేదు” అంటుంది. ఆ మాటకు హాల్లో జేబురుమాళ్ళు బయటికొస్తాయి. స్తంభానికి ఆ సీటు నుంచి తలుపు కనిపించదు, అయినా ఏడుస్తాడు.

“అక్కా, ఆ మాటకు ముందు కాసేపు ఆగితే ఎలా ఉంటుంది?” అని ఒక సాయంత్రం అడిగింది చెల్లెలు.

“ఆగితే మర్చిపోయావనుకుంటారు” అంది అక్క, ఉల్లిపాయ పొట్టు తీస్తూ.

“అనుకుంటారా?”

“నేనైతే అనుకుంటాను. మూడేళ్ళు చూసినదాన్ని చెప్తున్నా, విను.”

చెల్లెలు విన్నది. వినకపోతే ఆ పూట అన్నం దగ్గర కూడా వినాల్సి వచ్చేది.

ఇంతలో మెట్ల మీద బాంబు పడింది. నెలాఖరుకు అసలు నటి మానేస్తోంది. ఆ వేషం ఎవరికిస్తారన్నది ప్రశ్న. బయటినుంచి పేరున్న గాయని ఒకామె సిద్ధంగా ఉంది. పోస్టరు మీద ఆమె ముఖం వేస్తే చాలు, హాలు నిండుతుంది. దర్శకుడు మాత్రం చెల్లెలిని ఒక్క ఆట చూసి నిర్ణయిస్తానన్నాడు. అందుకోసమే అసలు నటి ఆదివారం మధ్యాహ్నం ఆటకు సెలవు తీసుకుంది. నచ్చితే వేషం చెల్లెలిది. నచ్చకపోతే ఇంకెన్నేళ్ళైనా వంటింట్లో పొయ్యి పక్కనే. ఆ వార్త తెచ్చిన రోజున చెల్లెలు అన్నం తినలేదు. ఆమె వంతు కూడా అక్కే తినేసి, కంగారులో తిన్నానని తర్వాత సర్దిచెప్పుకుంది.

మెట్ల బృందానికి ఒక ఆచారం ఉంది. స్టెప్నీ మొదటిసారి ఎక్కే రోజు అందరూ తమ తమ సీట్ల సిద్ధాంతాలు పక్కనపెట్టి మొదటి వరుసలో కూర్చుంటారు. ఎదురుగా తెలిసిన ముఖాలుంటే ధైర్యంగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. ఆ ముఖాలు చూసి బెదిరిన నటులు కూడా ఉన్నారని వాళ్ళకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

“అక్కా, నువ్వు మాత్రం మొదటి వరుసలో కూర్చోకు” అంది చెల్లెలు శనివారం.

“అదేంటే! ఊళ్ళోవాళ్ళందరూ కూర్చుంటే నేను కూర్చోకూడదా?”

“నీ పెదాలు కదులుతాయి.”

“నా పెదాలా?”

“ఆట మొదలైన దగ్గర్నుంచీ కదులుతూనే ఉంటాయి. అన్ని వేషాలూ నువ్వే కట్టేస్తావు. కోరస్‌తో సహా.”

కంఠస్థానికి పౌరుషం వచ్చింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. పెదాలు కదపనని మాటిచ్చింది, పైగా మందుల షాపావిడ దగ్గర గొంతుకు చప్పరించే మాత్రలు కొంది. నోట్లో ఒకటి వేసుకుంటే ఇక నోరు దాని పనిలో అది ఉంటుందని లెక్క. “మీకిది మాత్రలతో తగ్గే జబ్బు కాదమ్మా” అంది షాపావిడ, చిల్లర ఇస్తూ.

ఆదివారం చెక్కబోర్డు మీద చెల్లెలి పేరు తగిలించారు. కంఠస్థం దాన్ని చదివింది, వెనక్కి వెళ్ళి దూరం నుంచి చదివింది, ఎవరో కొత్తవాళ్ళు వస్తే వాళ్ళకు చదివి వినిపించింది. తర్వాత వెళ్ళి మొదటి వరుస నట్టనడుమ కూర్చుంది. ఒకవైపు స్తంభం, ఒకవైపు షాపావిడ. మెడ ఎత్తితే తప్ప రంగస్థలం కనిపించదు, ఎత్తితే నటుల ముక్కురంధ్రాలు కనిపిస్తాయి. “ఇంత దగ్గరగా చూస్తే భ్రమ పోదుటండీ?” అన్నాడు స్తంభం. ఆయనకు అడ్డం ఏమీ లేకపోవడంతో ఎటు చూడాలో తోచడం లేదు.

మొదటి అంకం నడిచింది. నడవడం కాదు, పరిగెత్తింది. చెల్లెలు లాంతరు చేత్తో పట్టుకుని వచ్చి మొదటి పాట ఎత్తుకోగానే షాపావిడ కంఠస్థం మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అసలు నటి ఆ పాటను ఎండలో పాడినట్టు పాడేది. చెల్లెలు పక్కింటివాళ్ళు నిద్రపోతున్నారన్నట్టు పాడింది. హాలు ముందుకు వంగి విన్నది. కంఠస్థం మాత్ర చప్పరిస్తూ, కళ్ళు తుడుచుకుంటూ, పెదాలు బిగపట్టుకుని కూర్చుంది. గర్వంతో ఆమెకు కాస్త ఊపిరాడలేదు కూడా. విరామంలో స్తంభం, “ఈ అమ్మాయికి స్టెప్నీ ఏంటండీ, బండే ఈ అమ్మాయిది” అన్నాడు. కంఠస్థం ఆనందం పట్టలేక ఆయనకు రెండు మాత్రలిచ్చింది.

రెండో అంకంలో వాన మొదలైంది. భర్త తలుపు కొట్టాడు. చెల్లెలు చేతిలో లాంతరుతో నిలబడింది. వాద్యాలు తగ్గాయి. హాలంతా చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. చెల్లెలు నోరు తెరిచింది, మాట రాలేదు.

ఒక క్షణం గడిచింది. ఇంకొకటి గడిచింది. కంఠస్థం నోట్లో మాత్ర సరిగ్గా అప్పుడే కరిగిపోయింది. చెల్లెలి కళ్ళు తలుపు మీద ఉన్నాయి. కొట్లో బల్ల ముందు నిలబడిన చిన్నపిల్ల, బడిలో బెంచీ మీద నిలబడిన చిన్నపిల్ల, అందరూ కలిసి అక్కడ నిలబడ్డారు. దడ గుండెలో మొదలై గొంతులోకొచ్చింది.

“తలుపు గడియ పెట్టలేదు!” అంది కంఠస్థం.

అనడం కాదు, అరిచింది. వంటింట్లో కుక్కరు కూతల మధ్య వినిపించేలా అనే అలవాటు. బాల్కనీ చివరి వరుసదాకా వినిపించింది. వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరుసల మీదుగా పాకింది. పక్కన షాపావిడ ముఖాన్ని చేతులతో కప్పుకుంది. దర్శకుడు కూర్చున్న వైపు కంఠస్థం తల తిప్పలేదు. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననుకుంది. మింగినా లోపలికెళ్ళి భూమికి కూడా ఏదో ఒక మాట అందిస్తుందని తనమీద తనకే అసహ్యం వేసింది.

చెల్లెలు కదల్లేదు. నవ్వు తగ్గేదాకా అలాగే నిలబడింది. నిశ్శబ్దం మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా బరువుగా వచ్చింది. అప్పుడు ఆమె లాంతరు కింద పెట్టి, నెమ్మదిగా తలుపు దగ్గరికి వెళ్ళింది. మాట అనలేదు. ఒక్క వేలితో తోసింది. గడియ లేని తలుపు దానంతటదే తెరుచుకుంది. వానలో భర్త నిలబడి ఉన్నాడు. అతని నోరు కూడా నిజంగానే తెరుచుకుని ఉంది, ఎందుకంటే ఇలా జరుగుతుందని అతనికీ తెలియదు.

హాల్లో ఎవరో వెక్కిన శబ్దం. ఆ తర్వాత చప్పట్లు పాట మొదలవడానికి కూడా చోటివ్వలేదు.

ఆట అయ్యాక మెట్ల మీద పంచాయతీ పెట్టారు. ఇంకా వెలుతురు ఉంది. కంఠస్థం అన్నిటికన్నా కింది మెట్టు మీద, చెప్పుల దగ్గర కూర్చుంది.

“నేనెన్ని ఆటలు చూశానో తెలుసా మీకు? ఆ ఆగడం లాంటిది చూళ్ళేదు. మాటను మింగేసి తలుపుతో చెప్పింది. అది నటన!” అన్నాడు స్తంభం.

“ఆ నటనకు ఈవిడ అడ్డంపడింది” అంది షాపావిడ.

“అడ్డం అంటే అడ్డమా! నా స్తంభమే నయం. దానికి నోరు లేదు.”

కాసేపు ఆగితే ఎలా ఉంటుందని చెల్లెలు అడిగిన సాయంత్రం కంఠస్థానికి గుర్తొచ్చింది. అడిగింది, చెప్పింది, కూర్చోవద్దని కూడా అంది. అన్నీ విని మరీ చేసిన నిర్వాకం ఇది. వేషం పోతే ఆ పాపం పూర్తిగా తనదే, అందులో ఎవరికీ వాటా ఇవ్వడానికి లేదు.

పక్కతలుపు తెరుచుకుని దర్శకుడు వచ్చాడు. సన్నటి మనిషి, కండువాలో మెడ దాచుకుని తిరుగుతాడు. “మొదటి వరుసలో అరిచింది ఎవరండీ?” అన్నాడు.

అందరి వేళ్ళూ కింది మెట్టు వైపు చూపించాయి. కంఠస్థం తన వేలు కూడా తనవైపే చూపించుకుంది.

“ఆ మాట ఇక నాటకంలో ఉండదు” అన్నాడాయన. “రాసినాయనతో ఇప్పుడే మాట్లాడాను. ఇకనుంచి అక్కడ ఆగడం, తలుపు తోయడం, అంతే. వచ్చే నెల నుంచి ఆ వేషం ఆ అమ్మాయిదే. అంత ధైర్యంగా ఆగగలిగినవాళ్ళను నేను చూడలేదు.” ఆ తర్వాత గొంతు తగ్గించి, “మీరు మాత్రం ఇకమీదట బాల్కనీలో కూర్చోండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను” అన్నాడు.

మెట్లన్నీ గోలగోలగా లేచాయి. షాపావిడ కంఠస్థాన్ని కావలించుకుంది, స్తంభం ఎవరిని కావలించుకోవాలో తెలియక గోడను తట్టాడు. కంఠస్థం ఏడ్చింది. ఏడుస్తూనే, ఆ మాట తీసేయడం అన్యాయమని ఒక్క క్షణం అనిపించింది కూడా. నాటకంలో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే మరి.

చెల్లెలు వచ్చేసరికి వీధిదీపాలు వెలుగుతున్నాయి. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. కంఠస్థం బేకరీ మలుపుదాకా ఆపకుండా క్షమాపణలు చెప్పింది. తన నోటిని తిట్టింది, తన చెవులను తిట్టింది, కరిగిపోయిన మాత్రను, దాన్ని తయారుచేసిన కంపెనీని కూడా తిట్టింది. బట్టలుతికే మిషన్ల షాపు దాటాక చెల్లెలు, “అక్కా, నేను అప్పుడు...” అని ఆగింది.

కంఠస్థం నోటిదాకా మాటలొచ్చాయి. ‘అప్పుడు నిన్ను చంపేద్దామనుకున్నాను.’ ‘అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను.’ ఏదైనా సరిపోతుంది. పళ్ళ డాక్టరు మనిషి కాబట్టి పళ్ళెందుకున్నాయో గుర్తొచ్చి నాలుకను వాటి మధ్య పెట్టుకుంది. రెండు వీధిదీపాల దూరం నడిచారు. అది ఆమె జీవితంలో నడిచిన అన్నిటికన్నా పొడుగు వీధి.

“నేను అప్పుడు నిజంగానే మర్చిపోయానక్కా” అంది చెల్లెలు.

కంఠస్థం నిలబడిపోయింది.

“ఆగాలని ఆగలేదు. నువ్వు వద్దన్నావని ఆ ఆలోచనే మానేశాను. నోరు తెరిచేసరికి లోపల ఏమీ లేదు. ఖాళీ. నా పేరు అడిగినా చెప్పలేకపోయేదాన్ని. పారిపోదామనుకున్నా. సరిగ్గా అప్పుడు నీ గొంతు వినపడింది.” చెల్లెలు నవ్వబోయి ఏడ్చింది. “వంటింట్లో ఉన్నట్టనిపించింది. భయం పోయింది. కానీ గొంతు మాత్రం రాలేదు. ఎదురుగా తలుపుంది కదా అని వెళ్ళి తోశాను.”

“మరి ఆయన ధైర్యం అంటున్నాడే!”

“అంటున్నాడు. నేను చెప్పలేకపోయాను.” చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. “ఎవరికీ చెప్పకక్కా. ఇప్పుడే కాదు. నాలుగు ఆటలు ఆడనీ.”

అంటే తనదే ఒప్పు. మూడేళ్ళు చూసినదానికి సందేహం లేకుండా తెలిసింది, హాలు మొత్తానికి తెలియలేదు. స్తంభానికి తెలియలేదు, షాపావిడకు తెలియలేదు, దర్శకుడికి అసలే తెలియలేదు. కంఠస్థానికి ఆనందంతో కాళ్ళు నిలవలేదు. ఇంత గొప్ప గెలుపు ఎవరికీ చెప్పుకోవడానికి లేదని మరుక్షణం తెలిసొచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి నోట్లో ఇప్పుడు కొండ నానాలి. “చెప్పనులే. పద, ఆకలేస్తోంది నీకు” అంది. చెల్లెలికి నిజంగానే ఆకలేస్తోంది.

తర్వాతి నెల మొదటి ఆట సాయంత్రం మెట్లు కిటకిటలాడాయి. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చి, ఆ ఆదివారం కథ చెప్పమని అడిగింది. ఆ కథ అప్పటికే ఊరంతా తిరిగొచ్చింది. స్తంభం చెప్పాడు, అభినయంతో సహా. ఆయన కథలో కంఠస్థం కుర్చీ మీదికెక్కి అరిచింది.

“ఎవరండీ అంత తెలివితక్కువ మనిషి?” అని అడిగింది కొత్త పెళ్ళికూతురు.

“నేనేనమ్మా” అంది కంఠస్థం. అందరూ గొల్లుమన్నారు.

“మూడేళ్ళు చూసింది. ఏం లాభం? నటి ఆగడానికీ మర్చిపోవడానికీ తేడా తెలీలేదు పాపం” అన్నాడు స్తంభం.

అప్పుడే చెల్లెలు సంచీ భుజాన వేసుకుని పక్కతలుపు వైపు వస్తోంది. ఆ మాట విన్నది. మెట్ల ముందు ఆగిపోయింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆమె ఎవరినీ చూడలేదు, చెప్పుల దగ్గర కూర్చున్న అక్కను చూసింది. ముఖం ఎర్రబడింది. “మీరందరూ అనుకుంటున్నట్టు కాదండీ. మా అక్క ఆ రోజు...” అని ఆగింది.

ఏమనబోతోందో కంఠస్థానికి తెలుసు. ఇంకో క్షణం ఊరుకుంటే చెల్లెలు చెప్పేసేది. తన పరువు మెట్ల మీద అందరి ముందూ తిరిగొచ్చేది. లోపల దర్శకుడు ఉన్నాడు, బోర్డు మీద చెల్లెలి పేరు ఉంది.

“మా అక్క ఆ రోజు నా పరువు తీసింది అంటావు, అంతేగా?” అంది కంఠస్థం గట్టిగా. “ఇంట్లో అన్నది చాలదా, వీధిలో కూడా అనాలా? నడు నడు, రంగు పూసుకోవాలి, టైమైంది.”

మెట్లన్నీ నవ్వాయి. చెల్లెలు నోరు మూసుకుని, అక్కను చూస్తూ ఇంకాసేపు నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది. “చూశారా, ఆ అమ్మాయిని ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వదు ఈవిడ” అన్నాడు స్తంభం కొత్త జంటతో. నిజమేనని ఒప్పుకుని కంఠస్థం టిక్కెట్టు తీసుకుంది, బాల్కనీకి వెళ్ళే దారి ఎటని షాపావిడను అడిగింది.